పాత రాజుగారి వేలు

నల్లరాతి కొండను నిలువునా తొలిచి కట్టిన అసితదుర్గానికి ఏడు అంతస్తులు. పై ఆరింటిలోనూ నిప్పు, అట్టడుగున నీరు. ఆ అట్టడుగున, నూటపదహారు మెట్లు దిగాక, ఏనుగు నుదురంత మందాన ఒక కంచు తలుపు ఉంది. తలుపు నిండా తామరలు, తామరల మధ్య చేపలు, ఒక్కొక్క చేప పొలుసు మీదా గోటితో గీసినట్టు సన్నని గీతలు. ఇరవై ఏళ్ళు ఆ చేతి కిందే పని నేర్చినవాడు కాబట్టి ఆ గీతలు ఎవరివో కేతోజుకు చూడగానే తెలిసింది. తలుపు చేసినవాడే తలుపు వెనక ఉన్నాడు.

అన్నిటిలోకీ పెద్ద చేప నోట్లో తాళంచెవి పెట్టి తిప్పాడు కేతోజు. తిరగలేదు.

నాలుగేళ్ళ కిందట ధూమకర్ణుడనే మాంత్రికుడు, విగ్రహం పోతపోయాలని నమ్మబలికి, రజతాద్రి రాజ్యపు పెద్ద కంచరి మారోజును ఈ కోటకు రప్పించుకున్నాడు. ఈ తలుపూ దీని తాళమూ చేయించాడు. పని పూర్తయిన రోజున, ఎలా మూసుకుంటుందో లోపలినుంచి చూద్దువుగాని రమ్మని ముసలాయన్ని లోపలికి తోసి మూసేశాడు. చెవిని కరిగించేశాడు. ఆరు నెలల కిందట నదిలో కొట్టుకొచ్చిన సొరకాయ బుర్రలో ఒక ఇత్తడి రేకు దొరికింది. దాని మీద తాళంచెవి బొమ్మ, ఒక్కో పన్ను కొలత, ఓజగారి, అంటే గురువుగారి, దస్తూరీ. ఆ కొలతలతో కేతోజు చెవి పోతపోశాడు. గుండు గీయించుకుని, ఒళ్ళంతా బూడిద పూసుకుని, అచ్చుమట్టి మోసే కూలివాడి వేషంలో ఈ ఉదయమే కోటలో అడుగుపెట్టాడు.

పై అంతస్తులో మట్టి తట్టతో నడుస్తూ ఒక మందిరం చూశాడు. వెయ్యి స్తంభాల మధ్య తొమ్మిది వందల తొంభైతొమ్మిది మంది కంచు మనుషులు నిలబడి ఉన్నారు. కనురెప్పల మీద వెంట్రుకలు కూడా చెక్కి ఉన్నాయి. ఒకే ఎత్తు, ఒకే భుజం, అరచేతుల్లో ఒకే గీతలు. వెయ్యోవాడు ఇవాళ పూర్తవుతాడనీ, లెక్క నిండగానే అందరికీ ప్రాణం వచ్చి రజతాద్రి మీదికి నడుస్తారనీ కావలివాళ్ళు మాట్లాడుకుంటున్నారు. ఇక ముసలి కంచరితో పని లేదు కనుక పొద్దు గుంకగానే తూము ఎత్తి అతని చెరను నీళ్ళతో నింపేస్తారట. ఆ మాట చెప్పినవాడు తమలపాకు నములుతూ చెప్పాడు.

పొద్దు ఇప్పుడు నడినెత్తిన ఉంది.

తలుపు కింద అన్నం తోసే కంత ఉంది. కేతోజు నేల మీద బోర్లా పడుకుని, కంత దగ్గర నోరు పెట్టి, నేనే వచ్చానని చెప్పాడు. లోపల నీళ్ళలో ఏదో కదిలింది.

"ఇంత ఆలస్యమేమిట్రా కేతా. బియ్యంలో రాళ్ళేరుతూ కూర్చున్నావా?"

అదే గొంతు. కాస్త సన్నబడింది, అంతే. కేతోజుకు ఏడుపు రాబోయి ఆగింది. చెవి వదులుగా దిగుతోందనీ, పళ్ళు దేన్నీ పట్టుకోవడం లేదనీ చెప్పాడు. కొలతలు చదవమన్నాడు ముసలాయన. చదివాడు. మొదటి పన్ను రెండు వేళ్ళు, రెండోది వేలున్నర మీద ఒక గింజ, మూడోది రెండు వేళ్ళకు ఒక గింజ తక్కువ. అలా ఆరు పళ్ళూ చెప్పాడు. అన్నీ సరిగ్గానే ఉన్నాయన్నాడు మారోజు. ఏ కొలకర్రతో కొలిచావని అడిగాడు.

"కొత్త కర్రతోనే ఓజగారూ. పాతవన్నీ రాజుగారి చితిలో వేశాం కదా."

లోపల నీళ్ళు కదిలి, గొంతు కంతకు దగ్గరగా వచ్చింది.

"రాజుగారు పోయారా?"

అప్పుడు తెలిసింది కేతోజుకు. తలుపుకు అటున్నవాడికి కూడా అప్పుడే తెలిసింది.

రజతాద్రిలో కొలత అంటే ఏలుతున్న రాజుగారి నడివేలు. ఆ వేలి నడిమి కణుపు వెడల్పు ఒక వేలు. అందులో ఎనిమిదో వంతు ఒక గింజ. రాజు పోతే రాజ్యంలోని కొలకర్రలన్నీ ఆయన చితి మీదికి చేరతాయి. పట్టాభిషేకం నాటి ఉదయం కొత్త రాజుగారి వేలు చూసి కొత్త కర్రలు కోస్తారు. ఒక నేల మీద రెండు వేళ్ళ కొలత ఉండకూడదని శాసనం. పాత రథానికి కొత్త ఇరుసు, పాత గడపకు కొత్త తలుపు ఎన్నడూ సరిగ్గా అతకవు. ఆ రాజ్యంలో పుట్టినవాళ్ళకు అదొక తప్పుగా తోచదు. వాన కురిస్తే తడుస్తాం, రాజు పోతే తలుపులు బిగుస్తాయి. పాత రాజుగారు కుస్తీలు పట్టిన మనిషి. కొత్త రాజుకు పదహారేళ్ళు, వీణ మీటే చేతులు. ఆరు నెలలు కన్నార్పకుండా తాళంచెవిని ఆకురాయితో నున్నగా దిద్దిన కేతోజుకు, కొలత చెప్పినవాడు పాత రాజ్యంలోనే ఉండిపోయాడన్న ఆలోచన ఒక్కసారి కూడా రాలేదు.

పెద్దదైతే అరగదీయొచ్చు. చిన్నదాన్ని ఏం చేసినా పెద్దది కాదు. మళ్ళీ పోతపోయాల్సిందే, పాత రాజుగారి వేలితో. ఆ వేలు రెండేళ్ళ కిందటే బూడిదైంది.

మీ చేతికి గుర్తుండదా అని అడిగాడు. నలభై ఏళ్ళు ఆ కర్ర పట్టిన చెయ్యి కదా. నీళ్ళలో నాని ఉబ్బిపోయిందనీ, ఇప్పుడది తన చెయ్యే కాదనీ మారోజు అన్నాడు. తర్వాత మెల్లగా, తనలో తాను మాట్లాడుకుంటున్నట్టు చెప్పాడు.

"పైన ఆ బొమ్మల్ని చూశావా? వాటి గీత నాదేరా. గీయకపోతే నిన్ను పట్టి తెప్పిస్తానన్నాడు. మనిషి అనగానే నా చేతికి వచ్చే కొలత ఒకటే, రాజుగారిది. జాన, భుజం, మోకాలు అన్నీ ఆయనవే. వేళ్ళు కూడా."

కేతోజు లేచి నిలబడ్డాడు. ఏ వేలని అడగాల్సిన పని లేదు. కుడిచేతి నడివేలు.

మెట్లెక్కి, మట్టి తట్ట నెత్తికెత్తుకుని పోతల అంతస్తులోకి వచ్చాడు. అక్కడ మూడు వందల కొలిములు మూడు వందల ఎర్రటి కళ్ళలా తెరుచుకుని ఉన్నాయి. తోలుతిత్తుల ఊపిరికి బూడిద లేచి పైకప్పు కింద మేఘంలా నిలిచింది. కరిగిన కంచు మీద ఆకుపచ్చ మంటలు నెమలి మెడల్లా వంగి లేస్తున్నాయి. ఒక్కో కొలిమి దగ్గర ఒక్కో మనిషి ఒక్క ముక్కే పోస్తాడు. చెవి పోసేవాడికి చెవులే, చీలమండ పోసేవాడికి చీలమండలే. వాటితో ఏమి తయారవుతుందో వాళ్ళలో ఎవరూ చూడలేదు. గంపలు పైకి పోతాయి, వాళ్ళు పోరు.

కుడి నడివేలు ఎవరిదని అడిగితే మూలనున్న ఒకామెను చూపించారు. యాభై దాటిన మనిషి, జుట్టు మాడి పొట్టిదైపోయింది. కొలిమి చల్లార్చి, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

"నేనేనయ్యా కుడి నడివేలు. బాచమ్మ అంటే ఇక్కడెవరికీ తెలియదు. మా ఆయన ఎడమ మోకాలు. పోయినేడు పోయాడు. నువ్వు ఏ ముక్క?"

మట్టి అన్నాడు కేతోజు. ఆమె నవ్వింది. అదే నయమంది, చివరికి అందరం వచ్చేది నీ తట్టలోకే అంది.

ఆమె కుడిచేతి నడివేలికి గోరు లేదు. మొదటి ఏడు కంచు చుక్క పడి ఊడిపోయిందట, మళ్ళీ మొలవలేదు. చూస్తున్నాడని గమనించి, వెయ్యి వేళ్ళు పోశాను, నా వేలికి గోరు పోసుకోలేకపోయాను అంది. ఇవాళ్టితో ఆమె పని సరి. ముందు బుట్టలో ఉన్న ఒక్కటే ఆఖరిది, వెయ్యోది. కంచు తూచి ఇస్తారు కనుక కరిగించే మూసలో చుక్క కూడా మిగల్లేదు. పొద్దు గుంకే ముందు తనిఖీదారు వస్తాడు, కొలత కోసం మొలకు కట్టుకున్న ఇనుప కట్టులో వేలు దూర్చి చూసి పట్టుకుపోతాడు.

దాన్ని కాసేపు ఇవ్వమని అడిగాడు కేతోజు. కొలత తీసుకుని తిరిగి ఇస్తానన్నాడు. మైనం నొక్కే చెక్క అచ్చు తీసుకుపొమ్మంది ఆమె, దాంతో ఇక పని లేదంది. వెంటనే తనే తల అడ్డంగా ఊపింది. చల్లారాక కంచు ముడుచుకుంటుందని అచ్చును ఓ పిసరు పెద్దగా చెక్కారు, కొలతకు అది పనికిరాదు.

"వేలు మాత్రం ఇవ్వలేనయ్యా. ఇక్కడొక కట్టడి ఉంది. ఎవరి ముక్క తగ్గితే వాళ్ళే పూడ్చాలి."

"పొద్దు వాలేలోగా తెచ్చి బుట్టలో పెడతానక్కా."

"అసలు దాంతో నీకేం పని?"

అబద్ధం చెప్పడానికి నోరు తెరిచాడు. ఎందుకో నిజమే వచ్చింది. ఒక తలుపు తెరుచుకుంటుందన్నాడు.

బాచమ్మ కూర్చున్నచోటే అతని వైపు తిరిగింది. తన వేలితో ఒక పని అవుతుందని వినడం మూడేళ్ళలో ఇదే మొదలంది. ఇవన్నీ కలిసి ఏమవుతాయో నువ్వేమైనా చూశావా అని అడిగింది. పైన మందిరంలో నిలబడ్డవాళ్ళ అరచేతులు కేతోజు కళ్ళ ముందు మెదిలాయి. లేదన్నాడు. ఆమె బుట్టను కాలితో అతని వైపు జరిపి, కొలిమి కూడా వాడుకో, ఇవాళ నేను పగటిపూట పడుకుంటాను అని అక్కడే గోనె పరుచుకుంది. చెంప కింద చెయ్యి పెట్టుకుని కళ్ళు మూసిన మరుక్షణం గురక వచ్చింది.

కేతోజు చేతులు తమంతట తామే పనిలోకి దిగాయి. తాటాకు చీరి, కంచు వేలి నడిమి కణుపు మీద అడ్డంగా పెట్టి వెడల్పు తీసుకున్నాడు. దాన్ని మూడుసార్లు మడిచాడు. ఎనిమిదో వంతు, ఒక గింజ. మైనం ముద్ద చేసి కాడ చేశాడు, ఒక్కో పన్నూ తాటాకుతో సరిచూసి అతికించాడు. పైన పలుచని మట్టి, దాని మీద పొట్టు కలిపిన మట్టి, ఆ పైన ముతక మట్టి. మూడు రోజులు నీడలో ఆరాల్సిన అచ్చును సెగ మీద తిప్పుతూ మూడు గడియల్లో ఆరబెట్టాడు. పగిలితే అంతే. అదృష్టవశాత్తూ పగల్లేదు. మైనం కరిగి కారిపోయింది.

అంతలో ఒక తనిఖీదారు అటుగా వచ్చి ఆగాడు. మొలకు ఇనుప కట్టులు గలగలలాడాయి.

"ఏ ముక్క?"

"చెవండి."

"కుడిదా, ఎడమదా?"

ఎడమ అన్నాడు కేతోజు. వాడు తలూపి వెళ్ళిపోయాడు. అచ్చు మూరెడు పొడవుంది. ఏ చెవీ అలా ఉండదు, కానీ పూర్తి మనిషిని ఎన్నడూ చూడనివాడికి అది తెలిసే దారి లేదు.

పాత చెవిని మూసలో వేసి కరిగించాడు. కొత్తది దానికంటే పెద్దది, కంచు చాలదు. మట్టిలో వెతికి రెండు రాగి మేకులు వేశాడు. మొలలో దోపుకున్న ఇత్తడి రేకు వేశాడు, ఓజగారి దస్తూరీ ఎర్రబడి ముడుచుకుని కరిగిపోయింది. మెడలోని తాయెత్తు రేకు వేశాడు. అయినా చాల్లేదు. ఇంకొక్క వేలంత కావాలి.

గవాక్షంలోంచి పడే ఎండ ఎదుటి గోడ సగానికి ఎక్కింది.

బాచమ్మను లేపి అడగొచ్చు. లేపితే కాదంటుందేమోనన్న భయం కన్నా, సరేనంటుందేమోనన్న భయమే అతనిలో ఎక్కువైంది. సరేనంటే ఆ ముఖం జీవితాంతం మొయ్యాలి. ఏం చేస్తారు, తిడతారు, ఇంకొకటి పోయమంటారు, అంతేగా అనుకున్నాడు. ఆ అనుకోవడంలో ఎక్కడో ఒక చోట తనే నమ్మడం లేదని తెలుస్తూనే ఉంది. ఇలాంటి పనికి ఇంత సిద్ధంగా ఉన్న ఒక మనిషిని అంతకుముందు తనలో ఎప్పుడూ చూడలేదు. పటకారుతో కంచు వేలిని ఎత్తి మూసలో వేశాడు. అది మునుగుతూ ఒక్క క్షణం, ఎవరినో పిలుస్తున్నట్టు నిటారుగా నిలిచింది. తర్వాత లేదు.

పోశాడు.

కంచు అచ్చులోకి దిగి గుటకలు వేసి నిండింది. అప్పుడు గుర్తొచ్చింది, చల్లారితే ముడుచుకుంటుందని. తాటాకు కొలత చల్లారిన వేలిది. మైనం ఆ కొలతకే చేశాడు. ఓ పిసరు పెంచలేదు. రజతాద్రి కంచరుల ఆచారం అది. శిష్యుడు ఉన్న కొలతకే మైనం చేస్తాడు, చల్లారుదల కోసం కలిపే ఆ పిసరును గురువే తన చేత్తో అద్దుతాడు. ఇరవై ఏళ్ళలో కేతోజు ఒక్కనాడూ దాన్ని అద్దలేదు. కొత్త కర్రతో చేసిన మొదటి చెవికీ అద్దలేదు. బాచమ్మ చెప్పినప్పుడు కూడా అది ఎవరో చేసే పనిగానే విన్నాడు.

మళ్ళీ పోయడానికి పొద్దు లేదు. ఒకటే దారి ఉంది. చల్లారకముందే, ఎర్రగా ఉండగానే, అది కావలసినంత కొలతలో ఉంటుంది.

మట్టిని సగమే పగలగొట్టాడు, మిగతా సగం వేడి నిలవడానికి ఉంచాడు. పటకారుతో పట్టుకుని లేచాడు. బాచమ్మ ఇంకా నిద్రపోతోంది. ఖాళీ బుట్ట ఆమె కాళ్ళ దగ్గర ఉంది. దాని మీద గోనె పట్టా కప్పి నడిచాడు, తర్వాత పరిగెత్తాడు. నిప్పు పట్టుకుని పరిగెత్తేవాణ్ణి ఆ అంతస్తులో ఎవరూ తలెత్తి చూడరు.

నలభయ్యో మెట్టు దగ్గర పైన నగారా మోగింది. పొద్దు గుంకింది. రాతి గోడల్లో ఎక్కడో ఇనుప గొలుసు గిరగిరా తిరిగిన చప్పుడు, దాని వెనకే నీటి హోరు. ఎనభయ్యో మెట్టు దగ్గర కాలు జారి మోకాళ్ళ మీద పడ్డాడు, పటకారు వదల్లేదు. కప్పు నుంచి రాలిన నీటిచుక్క ఒకటి చెవి మీద పడి చుయ్‌మంది. ఎరుపు మసకబారుతోంది. అడుగుకు చేరేసరికి అన్నం కంతలోంచి నీళ్ళు చిమ్ముతున్నాయి. లోపల చేతులు తలుపును కొడుతున్నాయి, ఎక్కడో పైన, కప్పుకు దగ్గరగా.

మిగిలిన మట్టిని గోడకేసి కొట్టి రాల్చి, చెవిని చేప నోట్లో పెట్టాడు. ఈసారి బిగుతుగా దిగింది. పటకారు జారింది. మళ్ళీ పట్టాడు, మళ్ళీ జారింది. పటకారును వదిలేసి, కింద తడి మట్టి ఇంత తీసి అరచేతికి మెత్తి, చెవి కాడను చేత్తోనే పట్టుకుని తిప్పాడు.

ఒక పన్ను పట్టింది. రెండు. మూడు. తన చెయ్యి కాలుతున్న వాసన తనకే వేరెవరిదో లాగా వచ్చింది. నాలుగు, ఐదు. ఆరో పన్ను దగ్గర ఆగింది, అంతలోనే ఏదో లోపల మెత్తగా పక్కకు జరిగింది.

తలుపు నీటి బరువుకు విసురుగా తెరుచుకుని అతన్ని గోడకు కొట్టింది. నీళ్ళు తగిలిన చెవి పెద్ద కేక పెట్టి తాళంలోనే రెండుగా పగిలింది. ఆ ప్రవాహంలో తెల్లటి గడ్డం, ఎముకల గూడు లాంటి ఒళ్ళు కొట్టుకొచ్చి మెట్ల మీద పడింది. కేతోజు పాకుతూ వెళ్ళి బోర్లా తిప్పి వీపు చరిచాడు. ముసలాయన నీళ్ళు కక్కి ఊపిరి తీశాడు. కళ్ళు తెరవకుండానే తడుముకుంటూ కేతోజు కాలిన అరచెయ్యి పట్టుకున్నాడు. దాని మీద అంటుకుపోయిన మట్టిని వేలితో నిమిరి చూశాడు.

"పిసరు అద్దడం మరిచావు కదూ," అన్నాడు.

కింద నీళ్ళు మెట్టు మెట్టూ ఎక్కుతున్నాయి. ఓజగారిని వీపుకెత్తుకుని కేతోజు పైకి నడిచాడు. కింద నుంచి నూరో మెట్టు దగ్గర వెలుతురు కనిపించింది, సంధ్య ఎరుపు. ఆ ఎరుపులో మెట్ల పై చివర ఒకరు దారికి అడ్డంగా నిలబడి ఉన్నారు.

పాత రాజుగారి ఎత్తు, పాత రాజుగారి భుజాలు. కంచు ఇంకా కొత్తగా మెరుస్తోంది. వెయ్యోవాడు. వాడి వెనక నల్లటి చెవుల్లోంచి పొగలు సాగుతుండగా ధూమకర్ణుడు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. అతనికి కోపంగా లేదు, లెక్క సరిపోయిన మనిషిలా ప్రశాంతంగా ఉన్నాడు.

కంచు మనిషి కుడిచెయ్యి మెల్లగా పైకి లేచింది. బొటనవేలు కంచు. చూపుడువేలు కంచు. నడివేలు మాత్రం కాదు. అది మసి పట్టి, వంకరగా, మొదలు దగ్గర ఇంకా నెత్తురు ఆరకుండా ఉంది. దానికి గోరు లేదు.

ఎవరి ముక్క తగ్గితే వాళ్ళే పూడ్చాలి.

వీపు మీద మారోజు తల ఎత్తి చూశాడు. నాలుగేళ్ళు చీకట్లో ఉన్న కళ్ళు ఆ చేతిని వెంటనే గుర్తుపట్టాయి, తన గీత కదా. ఆ తర్వాత గుర్తుపట్టలేకపోయాయి.

"నడివేలు నాది కాదురా కేతా. ఎవరిది అది?"

అన్ని వేళ్ళకంటే ముందు ఆ వేలే కదిలింది. రెండుసార్లు వంగింది, నిద్రలోంచి లేపితే ఎవరైనా మొదట కదిపినట్టు. వెంటనే పై మందిరంలో మిగతా అందరి కంచు పాదాలూ ఒక్కసారిగా నేలను తొక్కాయి, నూరో మెట్టు మీద నిలబడ్డ కేతోజు మడమలను కింద నుంచి నీరు తాకింది.